వెనక్కి లేని నీటిబాట

వేణుగుంట పట్టణానికి నీళ్ళు సరిగా రాకపోవడానికి కారణం గొట్టాలు కాదు, చెరువు కాదు, ఎండలు అసలే కాదు, జనం మాటిమాటికీ వెనక్కి తిరగడమే అని పురపాలక సంఘం వారు ఆ ఏడాది మాఘమాసంలో కనిపెట్టారు.

కనిపెట్టిన వైనం ఇది. నీటి సరఫరా విభాగం "నీటిబాట" అని ఒక యాప్ తయారు చేయించింది. కుళాయి ఫిర్యాదులు ఇంట్లో కూర్చుని ఫోనులోనే చేసుకోవచ్చన్నారు. టౌనుహాలు ముందు షామియానా వేసి ప్రారంభోత్సవం పెట్టారు. కమిషనర్ గరుడాచలంగారు వేదిక మీద నిలబడి, ఫోను అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని మొదటి తెర తెరిచారు. ముందే చెప్పి ఉంచిన ప్రకారం జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఫిర్యాదుల తెరకు వెళ్ళారు. జనం మళ్ళీ కొట్టారు. అక్కణ్ణుంచి మొదటి తెరకు రావడానికి ఆయన పైమూలనున్న వెనక్కి బాణం నొక్కారు. సరిగ్గా ఆ క్షణంలోనే వేదిక వెనకాల పెద్ద గొట్టం పగిలి, నీళ్ళు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి, పెద్దలందరినీ పూలదండలతో సహా తడిపేశాయి. పట్టణంలో అంత నీళ్ళు ఒక్కసారిగా చూసి చాలా కాలమైంది గనుక జనం ఈసారి ఎవరూ చెప్పకుండానే చప్పట్లు కొట్టారు.

విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షులు విశ్రాంత ఇంజనీరు చిదంబరంగారు. పగిలిన గొట్టం ఒకప్పుడు ఆయన దగ్గరుండి వేయించిందే కాబట్టి, దాని సంగతి ఆయనకంటే తెలిసినవారు లేరని ఆయన్ని ఎంచారు. ఆయన వెళ్ళి గొట్టాన్ని చూశారు. అది తుప్పు పట్టి జల్లెడలా ఉంది. వెంటనే దాన్ని పూడ్పించేసి, ఫోనును చూశారు. ఆ పైన నివేదిక రాశారు.

"శుభకార్యార్థము బయలుదేరిన వ్యక్తి మార్గమధ్యమున వెనుదిరుగుట అనర్థదాయకమని పెద్దలు నుడివియున్నారు. సదరు యాప్‌నందు ప్రతి తెరపైనను వెనుదిరుగుటకు బాణము నమర్చి, పౌరులను దినమునకు వేలాది పర్యాయములు అనర్థమునకు పురికొల్పుట జరిగినది. పర్యవసానము వేదిక వెనుక విదితమైనది. కావున సదరు బాణమును తక్షణము తొలగించవలెను."

బాణం తొలగించారు. చిదంబరంగారిని ప్రస్థాన సలహాదారుగా నియమించి, ఒక గదీ, గదిలో ఒక ఫ్యానూ ఇచ్చారు.

ఈ సంగతులేవీ హైమావతి పట్టించుకోలేదు. ఆవిడ పట్టింపంతా పెరట్లో కుళాయి. అది చాలా రోజులుగా బొట్టు బొట్టుగా కారుతోంది. హైమావతి బి.ఏ. చదివిన మనిషి. ఇంట్లో కందిపప్పు డబ్బా మూత పెసరపప్పు డబ్బా మీద ఉంటే ఆవిడకు నిద్ర పట్టదు. అలాంటిది కుళాయి టప్పుమని కారడం, మళ్ళీ ఎప్పుడు టప్పుమంటుందా అని చెవి దానంతటది కాచుకు కూర్చోవడం ఆవిడ భరించలేకపోయింది. పైగా వచ్చే ఆదివారం కూతురు నీరజ సీమంతం. వియ్యపురాలు రాజ్యలక్ష్మిగారు కాళ్ళు కడుక్కోవడానికి వచ్చేది ఆ కుళాయి దగ్గరికే. రాజ్యలక్ష్మిగారు ఏ ఇంటికి వెళ్ళినా ఏ లోపం ఎక్కడుందో చూసి, ఏమీ అనకుండా, ఊరికి వెళ్ళాక అంటారు.

ఒక ఉదయం అట్లపిండి కలుపుతూ, తడి వేలితోనే హైమావతి నీటిబాట తెరిచింది. "కుళాయి మరమ్మతు" అని ఒకటీ, దాని కిందనే "కుళాయి తొలగింపు" అని ఇంకొకటీ ఉన్నాయి. పిండివేలు జారి కిందిదాని మీద పడింది.

తెర మారింది. "కుళాయి తొలగింపు కోరుకున్నందుకు అభినందనలు" అని కనబడింది. కింద ఒకే ఒక్క మీట, "ముందుకు" అని.

హైమావతి పైమూల చూసింది, కిందిమూల చూసింది. బాణం లేదు. ఫోను కట్టేసి మళ్ళీ తెరిచింది. "స్వాగతం. ప్రయాణం మధ్యలో మానరాదు గనుక మీరు ఆగిన చోటనే ఉన్నారు" అని అదే తెర వచ్చింది. ఇక లాభం లేదని యాప్‌నే తీసేసి, కొత్తగా పెట్టుకుంది. ఈసారి అభినందనలతో పాటు రెండు పూలగుత్తుల బొమ్మ కూడా వచ్చింది. పోనీ ఏమీ నొక్కకుండా ఊరుకుందామని ఫోను బల్లమీద పెట్టి అట్టు తిరగేసింది. అట్టు కాలేలోపు తెర తనంతట తనే మారి, "నిలిచిన నీరు పాచి పడుతుంది. అందువల్ల మిమ్మల్ని మేమే ముందుకు నడిపించాము. మీ కుళాయి ఆదివారం ఉదయం తొలగించబడును" అని చెప్పింది.

హైమావతి భర్త రామభద్రం హిందీ మాస్టారుగా పనిచేసి దిగినవాడు. ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, కాస్త వంచి కూడా చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"ఏడడుగులూ ముందుకే నడిచిందానివి. ఇప్పుడు వెనక్కి కావాలంటే ఎలాగే?" అన్నాడు.

"అప్పుడైనా ఒక బాణం ఉండి ఉంటే బాగుండేది," అంది హైమావతి, చెప్పులు తొడుక్కుంటూ.

పురపాలక కార్యాలయం దగ్గర ఆవిడ మొదట దారి తప్పాననుకుంది. యాప్‌లో వెనక్కి లేకుండా చేసి, ఆఫీసులో మాత్రం జనం వచ్చిన గుమ్మంలోంచే వెనక్కి పోతుండడం ఏ విధంగానూ సమర్థనీయం కాదని చిదంబరంగారు రెండో నివేదిక ఇచ్చారట. అందుకని ముందు గుమ్మం లోపలికి రావడానికే అని రాసి, వెనక గోడ పగలగొట్టి బయటికి దారి చేశారు. ఒక గదిలోంచి రెండో గదిలోకి, రెండో గదిలోంచి మూడో గదిలోకి పోవాలి. వచ్చిన గదిలోకి మళ్ళీ రాకూడదు. కళ్ళజోడు మరిచిపోయిన గుమాస్తా వెనక గోడ కంతలోంచి బయటపడి, చేపల బజారు చుట్టి, ముందు గుమ్మంలోంచి మళ్ళీ వస్తున్నాడు. అలా వచ్చేవాళ్ళలో కొందరి చేతుల్లో చేపలు కూడా ఉన్నాయి.

ఇందులో ఎవరూ ఊహించని విశేషం ఒకటి జరిగింది. ఏ ఫైలునూ వెనక్కి తిప్పి పంపే వీలు లేకుండా పోయింది. "వివరములు చాలవు" అని రాసి పంపడం, "రేపు రండి" అని చెప్పడం, రెండూ వెనక్కి తిప్పడమే అని తేలింది. దాంతో వచ్చిన కాయితం వచ్చినట్టు ముందుకు దొర్లిపోతోంది. పట్టణంలో ఏళ్ళ తరబడి ఆగిపోయిన పనులన్నీ రోజుల్లో అయిపోతున్నాయి. పెళ్ళినాటి నుంచి తిరుగుతున్న ఒక ముసలాయన చేతికి ఇంటి మంజూరు కాయితం రాగానే ఆయన నమ్మలేక అక్కడే కూలబడ్డాడు. లేపి ముందుకు తోశారు.

హైమావతి కుళాయి తొలగింపు కూడా అదే ఊపులో అన్ని బల్లలూ దాటింది. ఆవిడ ఏ గదికి వెళ్ళినా, ఇప్పుడే పై గదికి వెళ్ళిందమ్మా, ఆపకుండా పంపేశాం, అని సంతోషంగా చెప్పారు.

కమిషనర్ గదికి ముందు గదిలో మౌక్తిక అనే అమ్మాయి కనబడింది. యాప్ కట్టిన కంపెనీ తరఫున వచ్చి కూర్చుంది. ముఖంలో నాలుగు రాత్రుల నిద్ర బాకీ ఉంది. హైమావతి సంగతంతా చెప్పి, అమ్మాయ్, ఇందులోంచి బయటపడడం ఎలాగో చెప్పమని అడిగింది.

మౌక్తిక చుట్టూ చూసి, గొంతు తగ్గించి, తెరల సంగతి చెప్పింది. ఫోనులో తెర మీద తెర, వంటింట్లో పళ్ళాలు దొంతర పెట్టినట్టు పెడతారట. వెనక్కి నొక్కితే పై పళ్ళెం తీసేసినట్టు. అప్పుడు కింది పళ్ళెం కనబడుతుంది. అది ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది.

"అంటే మరమ్మతు తెర కిందనే ఉందన్నమాట," అంది హైమావతి.

"ఉందండీ. పైది తియ్యడమే కూడదంటున్నారు. పళ్ళేల మీద పళ్ళేలు పెడుతూనే ఉన్నాం. కొందరి ఫోన్లు వేడెక్కి జేబులు కాలుతున్నాయి."

"మరి ముందుకే పోతే? ఎక్కడో ఒకచోట మళ్ళీ కుళాయి ఇవ్వరూ?"

మౌక్తిక తల దించుకుంది. "తొలగింపు అయ్యాక వచ్చేది కొత్త కుళాయి తెరండి. అది ఇంకా కట్టలేదు. మార్గశిరంలో మంచిరోజు చూసి మొదలుపెడతామన్నారు."

ఇది మాఘం. హైమావతి వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టలేదు. నేరుగా కమిషనర్ గదిలోకి నడిచింది.

గరుడాచలంగారు మర్యాదస్తులు. కూర్చోమన్నారు. విన్నారు. కళ్ళు మూసుకున్నారు.

"చూడండమ్మా, పాలన అనేది ఒక ప్రవాహం. ప్రవాహానికి పురోగమనమే స్వభావం. మీరు గంగను మళ్ళీ శివుడి జటాజూటంలోకి ఎక్కించమని కోరుతున్నారు. ఇది సాంకేతికంగానూ సాధ్యం కాదు, సంప్రదాయపరంగానూ సాధ్యం కాదు."

"గంగను ఎక్కించమనడం లేదండీ. మా కుళాయిని ఉంచమంటున్నాను."

"మీరు వ్యక్తిగత దృష్టితో చూస్తున్నారు. మీది ఆది నుంచి అంతం దాకా ఒక్కసారి కూడా వెనుదిరగకుండా పూర్తికాబోతున్న ప్రప్రథమ సేవ. ఆదివారం ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని నేను స్వయంగా వస్తున్నాను. మీరు పట్టుచీర కట్టుకుంటే బాగుంటుంది."

పట్టుచీర ఎలాగూ కట్టుకుంటానని హైమావతి లేచింది. వెనక గోడ కంతలోంచి బయటపడి, చేపల బజారు మీదుగా ఇంటికి చేరింది.

ఆ వారం రోజుల్లో ఉత్సాహం పట్టణమంతా పాకింది. బస్టాండులో బస్సులు వెనక్కి తీయడం మానేసి, ప్రహరీ పడగొట్టి కూరగాయల మార్కెట్లోంచి బయటికి పోసాగాయి. ఒక బడిలో జరిగిన పాఠం మళ్ళీ అడగకూడదన్నారు. పిల్లలు ప్రస్థాన సలహాదారు బొమ్మ గీసి గోడకు అంటించారు. ఒక పెళ్ళిభోజనంలో గారెలు మరోమారు అడిగినవాణ్ణి, వడ్డన ముందుకు వెళ్ళిపోయిందని మందలించారు.

యాప్ కూడా దినదిన ప్రవర్ధమానమైంది. మొదటి తెర మీద "ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారు?" అని ఉండేది. బయలుదేరేవాళ్ళను ఎక్కడికి అని అడగకూడదని చిదంబరంగారు గుర్తు చేశారు. ఆ ప్రశ్న తీసేశారు. ప్రశ్న పోయాక దాని కింది జాబితా కూడా అదే అడుగుతున్నట్టుందని, కొత్తగా బయలుదేరేవాళ్ళకు దాన్నీ తీసేశారు. ఎవరెక్కడికి పోవాలో ఇప్పుడు యాపే నిర్ణయిస్తోంది. కట్టేసే మీట మీద "వెళ్తాను" అనడం అమంగళమని "వెళ్ళొస్తాను" అని మార్చారు. వెళ్ళొస్తానన్నవాళ్ళు రావాలి కదా అని, కట్టేసిన యాప్ సాయంత్రానికి తనంతట తనే తెరుచుకునే ఏర్పాటు చేశారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రస్థాన భంగం నిబంధన. బయలుదేరిన సిబ్బందిని దారిలో ఎవరైనా ఎక్కడికి అని అడిగినా, వెనకనుంచి పిలిచినా, తుమ్మినా, సిబ్బంది అక్కడే ఆగి, కాళ్ళు కడుక్కుని, ఒక ఘడియసేపు కూర్చుని, సమీపంలోని పురపాలక కుళాయి నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరాలి. ఈ నిబంధన ఫోనులో రాగానే అందరూ చదివి ముందుకు నొక్కేశారు. హైమావతి మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. చదివి, వంటింట్లోకి వెళ్ళి, ఎండుమిరపకాయల సీసా దించి, ఎండ తగిలేచోట పెట్టింది.

ఆదివారం వచ్చింది. పందిరి వేశారు. రాజ్యలక్ష్మిగారు దిగారు. కాళ్ళు కడుక్కుంటూ కుళాయి కారడం చూసి ఏమీ అనలేదు. నీరజను పీట మీద కూర్చోబెట్టి పేరంటాళ్ళు గాజులు తొడుగుతుండగా, వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. ఫిట్టర్ ఏసుబాబు, గునపాలతో ఇద్దరు మనుషులూ దిగి గేటు దగ్గరికి వచ్చారు.

హైమావతి పట్టుచీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ ఎదురు వెళ్ళింది.

"ఎక్కడికి బాబూ, బయలుదేరారు?" అంది.

ఏసుబాబు ఆగిపోయాడు. తెలివైనవాడు. ముఖం మెల్లగా వికసించింది.

"అడిగేశారాండీ అమ్మగారూ? ఆయ్, అయితే ఇంకేటండి, కూర్చోవాలి," అని గునపం పందిరి గుంజకు ఆనించాడు.

ముగ్గురూ కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగారు. ప్రస్థాన భంగమైనట్టు ఆఫీసుకు ఫోను చేసి చెప్పారు. ఘడియ గడిచి వాళ్ళు లేచే సమయానికి హైమావతి పులిహోర పోపుకని బాణలి పెరటి పొయ్యి మీద పెట్టింది. నూనె కాగనిచ్చింది. గుప్పెడు మిరపకాయలు చాలినచోట మూడు గుప్పెళ్ళు వేసింది.

మొదట తుమ్మింది రాజ్యలక్ష్మిగారు. మర్యాదగా, కొంగు అడ్డం పెట్టుకుని తుమ్మారు. తరువాత పేరంటాళ్ళు ఒకరి తరువాత ఒకరు, గాజులు గలగలలాడేలా తుమ్మారు. నీరజ తుమ్మి నవ్వింది. రామభద్రం హిందీలో తుమ్మినట్టు గట్టిగా తుమ్మాడు. ఏసుబాబు మనుషులు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. ఆ ఘాటు కాస్త తగ్గేసరికి ఇంకో ఘడియ అయింది. అప్పటికి చింతపండు పులుసుకు పోపు సిద్ధమైంది. ఆ తరువాత పచ్చడికి.

ఈలోగా ఆ సందులోకి కమిషనర్ జీపు వచ్చింది. అందులో గరుడాచలంగారు, ఫొటోగ్రాఫరు, ఆఖరి "ముందుకు" నొక్కడానికి ఫోను పట్టుకుని మౌక్తిక ఉన్నారు. డ్రైవరు పందిరినీ, పందిట్లో అందరూ ఒక్కసారి తుమ్ముతుండడాన్నీ చూస్తూ హైమావతి ఇల్లు దాటించేశాడు. దాటాక ఉన్నది ఒక్క ఇల్లే. సందు అక్కడితో ఆఖరు. అడ్డంగా ఎత్తైన ప్రహరీగోడ, గోడ మీద కొత్తగా సున్నం, సున్నం మీద చిదంబరంగారి పేరు.

సందు ఇరుకు, జీపు తిరగదు. డ్రైవరు గేరు మీద చెయ్యి వేసి, వెనక్కి తీయబోయి, నాలిక కరుచుకుని కమిషనర్ ముఖం చూశాడు.

దిగిపోవచ్చుగా అని ఫొటోగ్రాఫరు అన్నాడు. దిగి నడిచినా ఇల్లు వెనకాలే ఉంది గనుక అదీ వెనుదిరగడమే అని కమిషనర్ వివరించారు. ఆయన కాసేపు గోడనే చూశారు. ఆఫీసులో గోడ గుర్తొచ్చింది. బస్టాండు గోడ గుర్తొచ్చింది. అరుగు మీద ఊరికే కూర్చున్న ఏసుబాబును పిలిపించి, పురోగమనానికి అవరోధంగా ఉన్న కట్టడాన్ని తొలగించమని ఆదేశించారు. ఈ పని దగ్గర ఎవరూ తుమ్మలేదు. పోపు గాలి అటు లేదు.

చిదంబరంగారు ప్రతి ఉదయం నడకకు బయలుదేరి, సందు మొగ నుంచి కళ్ళజోడు కోసం ఒకసారీ, చేతికర్ర కోసం ఇంకొకసారీ ఇంటికి వస్తారని సందులో అందరికీ తెలుసు. ఆ రోజూ వచ్చి, కర్ర వెతుక్కుంటున్నారు. అప్పుడు వినబడింది మొదటి గునపం దెబ్బ. వరండాలోకి వచ్చేసరికి గోడ మీద ఆయన పేరులో సగం లేదు.

"ఆపండి, ఆపండి. గోడ జోలికెందుకు? జీపు వెనక్కి తియ్యండి," అని అరిచారు.

గునపాలు ఆగాయి. పేరంటాళ్ళు కూడా తుమ్ములు ఆపుకున్నారు.

"ఏమని సెలవిచ్చారు?" అన్నారు కమిషనర్, జీపులోంచి.

ఏసుబాబు వినయంగా గునపం కింద పెట్టాడు.

"సలహాదారుగారు వెనకనుంచి పిలిచారండి. పెద్ద భంగమండి ఇది. అందరం కూర్చోవాలండి."

నిబంధన నిబంధనే. కూర్చోవడానికి వెళ్ళే నాలుగడుగులను ప్రయాణంగా లెక్కించనక్కర్లేదని కమిషనర్ ఒక మినహాయింపు ప్రకటించి జీపు దిగారు. ఆయనా, చిదంబరంగారూ, డ్రైవరూ, ఫొటోగ్రాఫరూ, మౌక్తికా వరసగా వచ్చి, తొలగించవలసిన ఆ కుళాయి దగ్గరే కాళ్ళు కడుక్కుని, అరుగు మీద వరసగా కూర్చున్నారు. హైమావతి అందరికీ మంచినీళ్ళు ఇచ్చింది. అరిటాకు ముక్కల్లో పులిహోర పెట్టింది. కారం ఎక్కువైనందుకు ఏమీ అనుకోవద్దంది.

గరుడాచలంగారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తింటున్నారు. అవి కారం వల్లనో, గోడ వల్లనో చెప్పలేం. ఇప్పుడు జీపు ఎలా అన్నదే ఆయన బాధ. వెనక్కి తియ్యకూడదన్న ఉత్తర్వును రద్దు చేద్దామంటే, ఇచ్చిన ఉత్తర్వును వెనక్కి తీసుకోవడం అంతకంటే దోషం. ఆయన ఈ సంకటాన్ని చిదంబరంగారికి వివరిస్తే, చిదంబరంగారు సగం పేరున్న గోడ సంగతేమిటని అడిగారు.

హైమావతి ఆయన ఆకులో ఇంకొంచెం పులిహోర వేసింది.

"ఒక్కమాట చెప్పమంటారాండీ? తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ తిరుపతి వెళ్తే వెనక్కి వెళ్ళారంటామా? పునర్దర్శనం అయిందంటాం. ఎంత అదృష్టమో అంటాం. చూసిన తెర మళ్ళీ చూసినా అంతే కదండీ."

కమిషనర్ నమలడం ఆపేశారు. పునర్దర్శనం, అని ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా అనుకున్నారు. ఆకు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు. మౌక్తిక రాసుకుంది. సదరు యాప్‌నందు వెనుదిరుగుటకు ఎట్టి అవకాశమునూ కల్పింపబడదనియు, అయితే పౌరుల సౌభాగ్యార్థము ప్రతి తెరపైనను పునర్దర్శన సౌకర్యము ఏర్పాటు గావింపబడుననియు, ఇది పురోగమన విధానమున మరియొక ముందడుగు అనియు దాని సారాంశం. చిదంబరంగారు దాన్ని మనస్ఫూర్తిగా సమర్థించారు. ఇంత వేగంగా ఆయన దేన్నీ సమర్థించి ఎరగరు.

మౌక్తిక అరుగు మీదనే లాప్‌టాప్ తెరిచింది. పాత బాణాన్ని ఆ అమ్మాయి ఎప్పుడూ పారేయలేదట, దాచి ఉంచిందట. దాని మీద కొత్త పేరు రాసి పైమూల పెట్టడానికి, పేరంటాళ్ళు హారతిపాట ఒకటి ముగించినంతసేపు కూడా పట్టలేదు. డ్రైవరు కమిషనర్‌ను జీపెక్కించుకుని, "పునర్దర్శనానికి బయలుదేరుతున్నానండీ" అని అందరికీ చెప్పి, సందులోంచి వెనకవైపుగా చక్కా పోయాడు. కమిషనర్ దారంతా వెనక అద్దంలోకి చూస్తూ, పునర్దర్శనం చేసుకుంటూ వెళ్ళారు.

హైమావతి తడి చేతులు కొంగుతో శుభ్రంగా తుడుచుకుని, ఫోను తీసి, కొత్త మీట నొక్కింది. ఆదివారం తెర పోయింది. అభినందనల తెర పోయింది. పళ్ళెం కింద పళ్ళెంలా అడుగునున్న తెర కనబడింది. "కుళాయి మరమ్మతు" అక్కడే, ఎక్కడికీ పోకుండా ఉంది. ఈసారి చూపుడు వేలితో, సరిగ్గా దాని నడిమధ్యన నొక్కింది.

నీరజకు గాజులు నిండుగా తొడిగారు. రాజ్యలక్ష్మిగారు రెండుసార్లు పులిహోర వడ్డించుకుని, ఇంత ఘాటైన సీమంతం తాను చూడలేదన్నారు. పొగడ్తో కాదో ఊరికి వెళ్ళాక తెలుస్తుంది.

మర్నాడు ఉదయం ఫోనులో జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదు అందినది. వివరములు చాలనందున పునర్దర్శనార్థము మీకే తిప్పి పంపడమైనది. రేపు రండి."

ఆఫీసులో వెనక గోడ కంతకు ఇటుకలు పెట్టేశారని, ఫైళ్ళన్నీ బల్ల మీంచి బల్ల మీదికి పునర్దర్శనాలు చేసుకుంటున్నాయని, పాలు పోసే మనిషి చెప్పింది.

రామభద్రం జవాబు చదివి, బాగుపడ్డాం, అన్నాడు. పెరట్లో కుళాయి టప్పుమంది. హైమావతి దాని కింద బిందె పెట్టి, బొట్టు సరిగ్గా మూతి మధ్యన పడేలా జరిపి, ఆ మర్నాడు చీర మార్చుకుని, గొడుగు తీసుకుని ఆఫీసుకు బయలుదేరింది. మెట్లు దిగి గేటు గడియ తీస్తుండగా, పేపరు చదువుకుంటున్న రామభద్రం తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎక్కడికే?"

హైమావతి ఆగింది. భర్తను ఒక చూపు చూసింది. గొడుగు ముడిచి, వెనక్కి తిరిగి వచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగింది. ఆఫీసు నమ్మకాలు ఆఫీసువి. ఇంటి పద్ధతి ఇంటిది.